రాధారాణి గారు పాజ్‌లో ఉన్నారు

షామ్‌బర్గ్
జనవరి 12, 2025

ఒరేయ్ చక్రీ,

నీ మీద నాకు చాలా కోపంగా ఉంది. ఆ సంగతి ముందే చెప్పేస్తే తరువాత ప్రశాంతంగా రాసుకోవచ్చు. సొంత పిన్నిని ఉద్యోగంలో పెట్టుకుని, "ఫోన్‌లో చెప్పకు పిన్నీ, రాసి పంపు, నాకు రికార్డ్ ఉండాలి" అంటావా? పొద్దున్నించి సాయంత్రం దాకా అమెరికా అంతా ఫోన్ చేసి మాట్లాడతాను, అక్క కొడుకుతో మాత్రం ఈమెయిల్. సరే, బాసువి నువ్వు. రాస్తున్నాను.

నా లిస్టులో ఇప్పుడు ఇరవై ఇద్దరు. అందరూ పిల్లల ఇళ్ళకి వచ్చిన పెద్దవాళ్ళే. పిల్లలు ఆఫీస్‌కి పోతే బిక్కుబిక్కుమంటూ కిటికీ దగ్గర కూర్చునేవాళ్ళు. ఆ పిల్లలు నెలకి తొంభై డాలర్లు నీ 'పలకరింపు' కంపెనీకి కడితే, నేను వారానికి మూడుసార్లు వాళ్ళ అమ్మానాన్నలతో కబుర్లు చెబుతున్నాను. ఈ ఆలోచన నీ బుర్రకి ఎలా తట్టిందో గానీ, డెంటిస్ట్ ఆఫీసులో ఇన్నేళ్ళు ఫోనెత్తిన దానికి రిటైరయ్యాక ఇంతకన్నా మంచి పని ఎవరిస్తారు? మీ బాబాయి పోయాక ఈ కాండో ఫ్లాట్‌లో టీవీ తప్ప తెలుగు మాట్లాడేది ఇంకోటి లేదు. మాకా సంతానం లేదాయె.

ఇక రిపోర్ట్. ఫ్రీమాంట్‌లో ఉండే అప్పారావు గారు ఎప్పటిలాగే. "ఎలా ఉన్నారండీ" అంటే "బ్రహ్మాండంగా ఉన్నానమ్మా" అంటారు. పావుగంట దాకా ఎండ, చలి, మోకాళ్ళు. ఆ తరువాత గొంతు తగ్గించి అసలు సంగతి మొదలుపెడతారు.

న్యూజెర్సీలో ఐసెలిన్ అనే ఊళ్ళో రాధారాణి గారని కొత్తావిడ. తెనాలి మనిషి, మాట పెళుసు. కొడుకూ కోడలూ ఏడింటికల్లా కార్‌లో వెళ్ళిపోతారట. వీధి దాటితే చీరల కొట్లూ స్వీటు కొట్లూ ఉన్నాయిట, మంచులో జారిపడుతుందని కొడుకు వెళ్ళనివ్వడు. నన్ను పేరు పెట్టి పిలవదు. "ఏమమ్మా షామ్‌బర్గూ" అంటుంది. గుత్తివంకాయలో అల్లం వేస్తానన్నానని నిన్న నన్ను దులిపేసింది. గంట పోట్లాడుకున్నాం. హాయిగా ఉంది.

తిన్నావా అని అడగను. రికార్డ్‌కి అక్కర్లేదు కదా.

నీ ఉద్యోగిని,
అనంతలక్ష్మి పిన్ని


రెడ్‌మండ్
జనవరి 16

పిన్నీ,

నీ మెయిల్ అంకితకి కూడా చదివి వినిపించాను. నా పార్ట్‌నర్ కదా, యాప్ అంతా తనే కట్టింది. తెలుగు అంతంతమాత్రం, అయినా పడీ పడీ నవ్వింది.

కోప్పడకు. నాకు రోజంతా మీటింగులు. నువ్వు రాస్తే నేను అందులోంచి నంబర్లు తీసి మోడల్‌లో పెట్టుకోగలను. మోడల్ అంటే ఏమిటని పోయినసారి అడిగావు. బ్రహ్మవిద్య ఏం కాదు, ఒక ఎక్సెల్ షీట్. వచ్చే మూడేళ్ళూ నెల నెలా ఎంతమంది చేరతారు, ఎంతమంది పోతారు, ఎంత వస్తుంది, ఎంత ఖర్చవుతుంది అని ముందే ఊహించి రాయడం. ఊహే, కానీ ప్రతి ఊహ కిందా ఒక ఆధారం ఉండాలి. ఇన్వెస్టర్ గీకి చూసేది ఆ ఆధారాన్నే.

అన్నిటికన్నా ముఖ్యమైంది, ఒక కస్టమర్ మనతో ఎన్నాళ్ళు ఉంటాడన్నది. అందుకే యాప్‌లో ప్రతి పేరు పక్కనా మూడు బటన్లు పెట్టాం. మాట్లాడుతున్నవాళ్ళు యాక్టివ్. ఇండియా వెళ్ళి తిరిగి వచ్చేవాళ్ళు పాజ్. ఇక రానివాళ్ళు క్లోజ్డ్. నీలా ఫోన్లు చేసే మిగతా నలుగురికి కూడా ఇది నువ్వే నేర్పు.

నీకు దాచడం దేనికి, ఉద్యోగం మానేసి తెచ్చిన డబ్బు జూన్ దాకా వస్తుంది. ఈలోగా ఇన్వెస్టర్ దొరకాలి. దొరక్కపోతే మూసెయ్యడమే.

నిమిషాలు కూడా రాయి పిన్నీ, ఒక్కో కాల్‌కి ఎంత అని.

చక్రి


షామ్‌బర్గ్
ఫిబ్రవరి 9

నాయనా చక్రీ,

నిమిషాలు రాయమన్నావు. ఎవరైనా మాట్లాడుతూ గడియారం చూస్తారా? అయినా చూశాను. నలభై అవుతోంది. కొందరికి ఇంకా పైనే.

మంచు మోకాలెత్తు పడింది. నడుం పట్టుకుపోయేలా పారతో ఎత్తిపోశాను. పక్క కాండో ఆవిడ కిటికీలోంచి చెయ్యి ఊపింది. పదేళ్ళుగా అలాగే ఊపుతోంది, పేరు తెలీదు.

ఈ నెల ముగ్గురు వెళ్ళారు. రాధారాణి గారు కూడా, బుధవారం ఫ్లైట్. వెళ్ళేముందు తన ఇండియా నంబరు ఇచ్చింది. మన యాప్‌లో ఒకరి నంబరు ఒకరికి కనబడకూడదని అంకిత రూలు పెట్టిందని తెలుసు. అయినా తీసుకున్నాను. నా జీతంలో కోసుకో. "నాతో పోట్లాడ్డానికి నువ్వొక్కదానివే మిగిలావు షామ్‌బర్గూ, ఫోన్ చేస్తూ ఉండు" అంది. ఫోన్ పెట్టేశాక ఏదో వెలితిగా ఉండి రాత్రి వంట చెయ్యలేదు, పెరుగన్నంతో సరిపెట్టుకున్నాను.

ముగ్గురికీ పాజ్ నొక్కాను. మిగతా నలుగురికీ కూడా చెప్పాను, చూసుకుని నొక్కండర్రా అని.

నీ గొంతు ఎలా ఉందో మర్చిపోతున్నాను. జలుబు చేసిందేమో అని అడుగుదామన్నా రాతలో తెలీదు.

పిన్ని


రెడ్‌మండ్
ఫిబ్రవరి 20

పిన్నీ! గుడ్ న్యూస్!

నీకు నేను ఎంత రుణపడ్డానో తెలుసా? ఆరు నెలల డేటా మొత్తం మోడల్‌లో వేశాను. ఒక్కరు కూడా క్లోజ్డ్ లేరు! పాజ్ వాళ్ళలో ఎక్కువమంది కొన్ని నెలల్లో తిరిగొస్తారనుకుంటే, ఒక్కో కస్టమర్ సగటున రెండేళ్ళు ఉంటారని తేలుతోంది. అంకిత నమ్మలేదు. "ఎవరూ వదిలెయ్యని సబ్‌స్క్రిప్షన్ ఎక్కడైనా ఉంటుందా" అంది. మా పిన్నితో మాట్లాడాక ఎవరు వదులుతారు అన్నాను.

శాన్ హోసేలో ఒక ఇన్వెస్టర్‌కి పంపాం. రెండు మీటింగులు అయ్యాయి, ఆయనకి నచ్చింది.

ఒక్కటే చిక్కు, నిమిషాలు. తొంభైలో నీ గంటల జీతం పోను మనకి ముప్పై మిగలాలి. అది కాల్ పావుగంటే ఉంటేనే. నలభై నిమిషాలైతే ఒక్కొక్కరి మీద నెలకి అరవై పైగా మన చేతిది పడుతుంది. ఎంత ఎక్కువమంది చేరితే అంత త్వరగా మునుగుతాం. పావుగంటకి తెంచడం అలవాటు చేసుకో పిన్నీ, ప్లీజ్. కాల్‌ని ఆప్టిమైజ్ చెయ్యాలి, అంతే.

చక్రి


షామ్‌బర్గ్
మార్చి 16

చిరంజీవి చక్రధర్‌కి (కోపం వచ్చినప్పుడు పూర్తి పేరే),

నీ ఆప్టిమైజో ఏదో చేశాను. గుడ్లు ఉడకబెట్టుకునే టైమర్ ఉంది చూడు, అది పావుగంటకి తిప్పి పక్కన పెట్టుకున్నాను. అప్పారావు గారు మోకాళ్ళ దగ్గరే ఉన్నారు, అది గణగణా మోగింది. "ఏదో మాడుతున్నట్టుంది, చూసుకోమ్మా" అన్నారు పాపం. పెట్టేశాను. తరువాతి కాల్‌లోనూ అంతే. వారం నుంచీ ఆయన మోకాళ్ళ సంగతి తప్ప ఇంకేం తెలీదు నాకు. అసలు మాట మొదలయ్యేదే పావుగంట తరువాత అయితే, పావుగంటకి కోసేశాక ఇక మిగిలేదేముందిరా?

నేనొక దారి చెబుతాను. నాకు జీతం వద్దు. పెన్షన్ వస్తోంది, ఇల్లు సొంతం, నాకేం ఖర్చని? నా కాలానికి సున్నా వేసుకో. అప్పుడు ఎంతసేపైనా మాట్లాడుకోవచ్చు, నీ మోడలూ బాగుపడుతుంది.

ఇంకోటి. రాధారాణి గారు ఫోన్ ఎత్తడం లేదు. దిగిన కొన్నాళ్ళకి ఒకసారి ఎత్తింది. "అలసటగా ఉంది, తరువాత మాట్లాడతా" అంది. "ఇండియా వెళ్ళగానే మేమెక్కడ కనబడతాం లెండి" అని వేళాకోళమాడాను. ఆవిడ ఏమీ అనలేదు. ఆవిడ ఏమీ అనకపోవడమేంటి? అప్పట్నించీ ఎన్నిసార్లు చేసినా మోగి మోగి ఆగిపోతోంది. అలిగిందనే అనుకుంటున్నాను. కాస్త వాళ్ళబ్బాయి నంబరు ఇవ్వవా? నేను సారీ చెప్పానని చెప్పిస్తాను.

పిన్ని


రెడ్‌మండ్
మార్చి 21

పిన్నీ,

రెండు లైన్లలో రాస్తున్నాను, పిచ్చి హడావిడిగా ఉంది.

జీతం సున్నా వెయ్యడం కుదరదు. ఊరికే పనిచేసే మనిషి మీద మోడల్ కట్టకూడదు. రేపు నీలాంటివాళ్ళు వందమంది కావాల్సి వస్తే ఊరికే దొరుకుతారా అని అడుగుతారు. అది బిజినెస్ కాదు, మొహమాటం అంటారు. నువ్వు ఈ షీట్‌లో నా పిన్నివి కాదు, గంటకి పద్దెనిమిది డాలర్ల కాస్ట్‌వి. అలా ఉంటేనే లెక్క నిజమవుతుంది.

కస్టమర్ల ఫ్యామిలీ నంబర్లు బయటికి ఇవ్వకూడదు, ప్రైవసీ పాలసీ. టైమర్ వాడుతూ ఉండు, అలవాటైపోతుంది.

చక్రి


షామ్‌బర్గ్
ఏప్రిల్ 20

చక్రధర్ గారికి,

పద్దెనిమిది డాలర్ల కాస్ట్ వ్రాయునది.

ఈ నెల నలుగురు ఇండియా వెళ్ళారు. నలుగురు కొత్తగా చేరారు. సగటు కాల్ పదిహేడు నిమిషాలు. మీరు చెప్పినట్టే తగ్గింది. ఇద్దరు "మునుపటిలా లేవమ్మా" అన్నారు. అది రాసుకోవడానికి మీ షీట్‌లో గడి లేదు కాబట్టి రాయలేదు.

నువ్వు రెండేళ్ళు తిన్న నా చేతి అన్నానికి కూడా గంటకింతని కట్టి పంపిస్తాననుకోకు, అంత దిగజారలేదు. ఎమ్మెస్ చదివేటప్పుడు మా సోఫాలో పడుకుని "పిన్నీ, ఇంకో దోసె" అనేవాడివి. ఆ పిల్లాడే అనుకుని ఈ పనికి ఒప్పుకున్నాను.

రాధారాణి గారి అబ్బాయి నంబరు మళ్ళీ అడుగుతున్నాను. నాకు ఇవ్వడానికి రూలు ఒప్పుకోకపోతే, నువ్వే ఒకసారి చేసి అడుగు. ఆవిడ నా మీద ఎందుకు అలిగిందో తెలిస్తే చాలు. రోజూ ఒకసారి చేస్తూనే ఉన్నాను, ఇప్పుడు స్విచాఫ్ అని వస్తోంది.

అనంతలక్ష్మి


రెడ్‌మండ్
మే 8

పిన్నీ,

ఇది చాలా సీరియస్. మొత్తం చదువు.

డబ్బు పెట్టేముందు అన్నీ చెక్ చేస్తారని చెప్పాను కదా. ఇన్వెస్టర్ ఆఫీసులో హంసిక అని ఒక అమ్మాయి, మన పాజ్ లిస్టులో ఉన్న కుటుంబాలకి వరసపెట్టి ఫోన్ చేసి, మళ్ళీ ఎప్పుడు మొదలుపెడతారు అని అడిగింది. దాదాపు అందరూ ఒకటే మాట. "అమ్మావాళ్ళు వెళ్ళిపోయారు, మళ్ళీ ఎప్పుడొస్తారో తెలీదు, రెండేళ్ళకో మూడేళ్ళకో." నువ్వూ నీ దగ్గర నేర్చుకున్న నలుగురూ కలిసి వెళ్ళిన ప్రతి మనిషికీ పాజ్ నొక్కారు! ఒక్క క్లోజ్డ్ కూడా లేదు! ఎందుకు పిన్నీ? స్పష్టంగా చెప్పానుగా, రానివాళ్ళకి క్లోజ్డ్ అని?

అన్నిటికన్నా ఘోరం రాధారాణి. ఆవిడ మార్చి నాలుగున చనిపోయారు. హంసిక వాళ్ళబ్బాయికి ఫోన్ చేసి మీ అమ్మగారు మళ్ళీ ఎప్పుడు చేరతారు అని అడిగింది. ఆయన అన్న మాటలు రాయలేను. రెండు నెలల కిందట పోయిన మనిషి మన లెక్కలో సెప్టెంబర్ నుంచి నెలకి తొంభై డాలర్లు కట్టబోతోంది! ఇప్పుడు మేం మోసగాళ్ళం. రేపు ఇన్వెస్టర్‌తో కాల్ ఉంది, ఏం చెప్పాలో తెలీడం లేదు. అంకిత నాతో మాట్లాడ్డం లేదు.

పోయిన మనిషిని పాజ్‌లో ఎలా పెట్టావు పిన్నీ?

చక్రి


షామ్‌బర్గ్
మే 9

రాధారాణి గారు పోయారా.

నాకు తెలీదు చక్రీ. నువ్వు రాస్తేనే తెలిసింది. మార్చి నాలుగు అంటే, నేను రోజూ ఫోన్ చేసింది ఎవరికి? అలిగిందనుకున్నాను. నేనూ అలిగాను. ఒకరోజు మోగుతుంటే, "ఎత్తకపోతే ఎత్తకు పో, నీకే నష్టం" అని గట్టిగా తిట్టాను కూడా. అప్పటికే ఆవిడ లేదన్నమాట.

అలసటగా ఉంది అని ఆవిడ అన్నప్పుడు నేను వేళాకోళం ఆడకుండా ఉంటే ఇంకో మాట చెప్పేదేమో. పావుగంట ఆగితే చెబుతారని నాకు తెలుసు కదా. నేనే నీకు రాశాను. ఆ రోజు ఎందుకు ఆగలేదో తెలీదు.

రెండుసార్లు అడిగాను నిన్ను, వాళ్ళబ్బాయి నంబరు. ప్రైవసీ అన్నావు. ఆ శాన్ హోసే పిల్లకి మాత్రం ఇచ్చావు. ఈ కబురు చెప్పడానికైనా ఫోన్ చెయ్యలేకపోయావా? మాట్లాడుకోవడం మీద కంపెనీ పెట్టినవాడివి!

క్లోజ్డ్ ఎందుకు నొక్కలేదని అడిగావు. చెబుతాను. బియ్యం అయిపోతే మనిళ్ళల్లో అయిపోయాయి అంటామా? నిండుకున్నాయంటాం. దీపం ఆరిపోయిందనం, కొండెక్కిందంటాం. బతికున్న మనిషి పేరు పక్కన "అయిపోయింది" అని నా చేత్తో ఎలా నొక్కుతానురా? ఇండియా వెళ్ళేవాళ్ళు ఒక్కొక్కరూ ఫోన్ పెట్టేముందు "మళ్ళీ కలుద్దాం తల్లీ" అంటుంటే కాదు పొమ్మని నొక్కనా? మిగతా నలుగురికీ అదే చెప్పాను. అది మర్యాద అనుకున్నాం మేం. అది నీ లెక్కలో డబ్బవుతుందని మాకెవరికీ తెలీదు.

పైగా, వాళ్ళంతా విజిటర్ వీసా మీద వచ్చేవాళ్ళు. ఆరు నెలలు నిండకముందే వెళ్ళిపోవాలి, అమెరికాలో ఉన్న తెలుగువాడెవడికి తెలీదీ ముక్క? మా అక్క, అంటే మీ అమ్మే, నీ దగ్గరికి రెండుసార్లొచ్చింది. రెండుసార్లూ నువ్వే ఎయిర్‌పోర్ట్‌లో దింపి వచ్చావు. ఇంక ప్రత్యేకంగా నీకు చెప్పేదేముంది, నీకు తెలుసనే అనుకున్నాను.

ఇవాళ ఎవరికీ ఫోన్ చెయ్యను. జీతం కోసుకో.

పిన్ని


రెడ్‌మండ్
మే 24

పిన్నీ,

ఫోన్ చేద్దామని చాలాసార్లు తీశాను. భయమేసింది. నువ్వు తిడతావని కాదు, ఏమీ అనవేమో అని. అందుకే మళ్ళీ రాస్తున్నాను.

నన్ను క్షమించు. ఒక మనిషి పోయిన సంగతి నీకు అలా చెప్పకూడదు. రాసేటప్పుడు నాకు రాధారాణి గారు షీట్‌లో ఒక వరసలాగే కనబడ్డారు. నీ మెయిల్స్ అన్నీ మళ్ళీ చదివాను. ఆవిడ పేరు ఎన్నిసార్లు రాశావో అప్పుడు చూశాను. నేను అందులోంచి నిమిషాలు మాత్రమే తీసుకుని మిగతాది వదిలేశాను.

వీసా సంగతి నువ్వన్నది నిజం. అమ్మ వచ్చినప్పుడు రోజులన్నీ ఆఫీసులోనే గడిపాను. ఆ ఆరు నెలలూ అమ్మ ఇంట్లో ఒక్కతే ఎలా ఉందో చూడలేదు. తరువాత అదే గుర్తొచ్చి ఈ కంపెనీ పెట్టాను. అయినా మోడల్ కట్టేటప్పుడు ఆ ఆరు నెలల గడువు ఒక్కసారి కూడా తట్టలేదు. మూడేళ్ళకి ముప్పై ఆరు గళ్ళు గీసుకుని నింపేశాను.

మోడల్ మళ్ళీ కట్టాను, ఈసారి నిజంగా. ఒక కస్టమర్‌ని వెతికి తెచ్చుకోవడానికి మనకి నూట యాభై ఖర్చవుతోంది. నెలకి ముప్పై మిగిలితే ఆ ఖర్చు తిరిగి రావడానికి ఐదు నెలలు. ఆరో నెలలో వాళ్ళు ఫ్లైట్ ఎక్కుతారు. ఎన్నిరకాలుగా తిప్పినా అంతే. ధర పెంచితే పిల్లలు కట్టరు, నిమిషాలు తగ్గిస్తే మాట్లాడినట్టు ఉండదు.

ఇన్వెస్టర్‌కి నేనే ఫోన్ చేసి తప్పు ఎక్కడ జరిగిందో చెప్పాను. మోసం కాదని ఆయన నమ్మాడు. డబ్బు మాత్రం ఇవ్వనన్నాడు. అంకిత ఉద్యోగం చూసుకుంది. జూన్ ముప్పైన మూసేస్తున్నాం.

రాధారాణి గారి అబ్బాయి నంబరు కింద రాస్తున్నాను. ఆయన్ని అడిగే ఇస్తున్నాను, సరేనన్నాడు.

చక్రి


షామ్‌బర్గ్
జూన్ 22

చక్రీ,

ఐసెలిన్‌కి ఫోన్ చేశాను. ఆ అబ్బాయి ముందు గుర్తుపట్టలేదు. మీ అమ్మగారితో మాట్లాడేదాన్ని అంటే, "ఓ, ఆ యాప్ ఆంటీనా" అన్నాడు. గుండె జబ్బుట, మాకెవరికీ చెప్పలేదు ఆంటీ అన్నాడు. అలిగిందా అని అడగలేకపోయాను. పెట్టేయబోతుంటే అతనే అడిగాడు, "అమ్మ మీతో ఏం మాట్లాడేది ఆంటీ? నాతో పెద్దగా మాట్లాడేది కాదు" అని. చెప్పాను. వంకాయలో అల్లం దగ్గర్నుంచి, తెనాలిలో ఆవిడ సైకిల్ నేర్చుకున్న సంగతి దాకా అన్నీ చెప్పాను. గంటన్నర అయింది.

ఇక మిగిలినవాళ్ళకి చెప్పడం నా వంతే కదా. ఒక్కొక్కరికీ చెబుతున్నాను, ఈ నెలాఖరుతో ఆఖరు అని. టైమర్ తీసి డ్రాయర్‌లో పడేశాను. మూసేసే కంపెనీకి నిమిషాలేంటి?

అప్పారావు గారికి నిన్న చెప్పాను. "పర్లేదమ్మా, ఎల్లుండి మళ్ళీ మాట్లాడుకుందాం" అన్నారు. వినబడలేదేమో అని మళ్ళీ చెప్పాను. "వినబడిందమ్మా" అన్నారు. ఆయనకి సొంత ఫోన్ లేదు, కూతురి ఐప్యాడ్‌లో మన యాప్ ఒక్కటే. జీతం అక్కర్లేదు, నేనే ఊరికే మాట్లాడతాను, మీ నంబరు ఇవ్వమ్మా అని ఆ అమ్మాయిని అడిగాను. "థాంక్యూ ఆంటీ, వీ ఆర్ గుడ్" అంది, అంటే అక్కర్లేదని. ఆవిడ తప్పేం లేదు. ఎవరో ముక్కూ మొహం తెలియని దాన్ని.

ముప్పైన సాయంత్రం యాప్‌లో ఏం కనబడుతుంది? అందరికీ క్లోజ్డ్ అని నువ్వే నొక్కేస్తావా? నొక్కెయ్యి. నాకు చూపించకు.

ఇంక రిపోర్టులు రాయక్కర్లేదు కాబట్టి నీకు ఉత్తరాలూ ఉండవు. ఒంట్లో జాగ్రత్త.

పిన్ని


రెడ్‌మండ్
జూలై 6

పిన్నీ,

ఈ ఉత్తరంలో నంబర్లేం లేవు.

ఆఫీస్ ఖాళీ చేశాం. ఇంటికొచ్చి కూర్చున్నాను. వారం నుంచి నాకు ఒక్క మీటింగ్ కూడా లేదు. నిన్న కొట్లో కౌంటర్ దగ్గర అమ్మాయి "హౌ ఆర్ యూ" అంటే నా గొంతు బొంగురుగా వచ్చింది. ఎందుకా అనుకుంటే, రెండు రోజులుగా ఎవరితోనూ మాట్లాడలేదని తట్టింది. ఈ ఊళ్ళో నాకు తెలిసినవాళ్ళంతా పనివల్ల తెలిసినవాళ్ళే. పని పోతే వాళ్ళు ఎటు పోయారో తెలీడం లేదు. పెద్దవాళ్ళ ఒంటరితనం మార్కెట్ ఎంతుంటుందో మోడల్‌లో లెక్క కట్టాను. నన్ను అందులో వేసుకోలేదు.

నాకు ఫోన్ చెయ్యవా పిన్నీ? ఎప్పుడైనా సరే. ఎత్తుతాను.

ఎలా ఉన్నావు?

చక్రి


షామ్‌బర్గ్
జూలై 13

చక్రీ,

చివర్లో ఎలా ఉన్నావు అని ఒక్క ముక్క రాశావు. దానికి జవాబు రాయడానికి వారం పట్టింది నాకు. జనవరి నుంచి నువ్వు రాసిన వాటిల్లో వెతికాను, ఆ మాట ఇదే మొదటిసారి. దెప్పడం లేదు. నేనూ నిన్ను అడగలేదు, బాసువని.

రోజూ అంతమందిని ఆ మాట అడిగేదాన్ని. బాగున్నానమ్మా అనేవాళ్ళు, నేను నమ్మకుండా కాసేపు ఊరుకునేదాన్ని, అప్పుడు చెప్పేవాళ్ళు. ఇప్పుడు నన్నెవరైనా అడిగితే ఏం చెప్పాలో తెలీలేదు. బాగున్నాను అని రాసి కొట్టేశాను.

బాగాలేను రా. పొద్దున్నే స్నానం చేసి, బొట్టు పెట్టుకుని, తొమ్మిదింటికి కుర్చీలో కూర్చుంటున్నాను. ఫోన్ ముందు పెట్టుకుని. చెయ్యడానికి ఎవరూ లేరు. అలా పదకొండు దాకా కూర్చుని లేచి, ఒక్కదానికి సరిపడా బియ్యం కడుగుతున్నాను. మీ బాబాయి పోయిన ఏడాది కూడా ఇంత నిశ్శబ్దంగా లేదు. అప్పుడు అలవాటు లేదు కాబట్టి తెలీలేదు. మాట్లాడ్డం రుచి మరిగాక ఇప్పుడు తెలుస్తోంది.

ఫోన్ చెయ్యమన్నావు. చెయ్యను.

కోపంతో కాదు. ముప్పయ్యేళ్ళు డెంటిస్ట్ కోసం చేశాను, తరువాత నీ కంపెనీ కోసం చేశాను, పోయిన మనిషికి కూడా చేశాను. ఇన్నాళ్ళలో నాకోసం నాకు ఫోన్ చేసినవాళ్ళెవరని వెతికితే, మందులు రెడీ అని చెప్పే మెషీన్ తప్ప ఎవరూ కనబడలేదు. ఈసారి నువ్వే చెయ్యి. ఏం మాట్లాడాలో తెలియకపోతే ఊరికే ఉండు, నాకు అలవాటే.

రెండు రింగులకే పెట్టెయ్యకు. మోగేది నా ఫోనే అని నాకు తెలియడానికి కాస్త టైం పడుతుంది.

పిన్ని